గట్టు మీద కుట్టుమిషను

చెరువుగట్టు వీధి,
మేడ మీది ఇల్లు

మా ఇంటి మహారాణికి,

ఫోను చేస్తే నాలుగు మాటలకే నీకు దగ్గు తెర వస్తోంది. ఆ దగ్గు వినలేక నేను పెట్టేస్తున్నాను, పెట్టేశానని నువ్వు అలుగుతున్నావు. "మొగుడూ పెళ్ళాం ఇద్దరూ కాస్త నోరు కట్టుకుని ఉత్తరాలు రాసుకోండి" అంది మీ అక్క. పెద్దావిడ మాట తోసేయలేక కలం పట్టాను. రాత చూసి నవ్వకు. కత్తెర పట్టిన చేతికి కలం ఓ పట్టాన లొంగదు.

వెళ్ళేరోజు వంటింటి కిటికీ దగ్గర ఏమన్నావో గుర్తుందా? "ఈ కిటికీ తెరిచి నిలబడగలిగిన రోజున వస్తాను బావా" అన్నావు. ఈ చెరువు కంపే నీ ఊపిరి తినేస్తోందని ఇక్కడి డాక్టరు చెప్పాడు కదా. కంపు ఉన్నంతకాలం నువ్వు రావు. నువ్వు రానంతకాలం నాకు ఇల్లు ఇల్లులా ఉండదు. అందుకని చెరువు సంగతే తేల్చేద్దామని బయల్దేరాను. నవ్వకన్నానా!

వీధి చివర సైన్సు మేష్టారు లేడూ, పొడుగు కాళ్ళాయన, పిల్లలు కొంగ మేష్టారంటారు? ఆయన కొంతమందిని పోగేశాడు. ఆదివారం పొద్దున్నే గట్టు మీదకు పోయాం. నీళ్ళెక్కడా కనబడవు, అంతా గుర్రపుడెక్క. దాన్ని లాగితే కింద ప్లాస్టిక్కు, దాని కింద తారులాంటి బురద. పాత పరుపు ఒకటి బయటపడింది. బేకరీ ఆవిడ దాన్ని చూసి "అయ్యో, ఇది మాదే" అని నాలిక్కరుచుకుంది. అందరం ఒకటే నవ్వు. ఆవిడ ఆ సిగ్గుతోనే నడుం బిగించి మధ్యాహ్నం దాకా మాతో లాగింది.

ఇంటికొచ్చి స్నానం చేసినా కంపు వదల్లేదు. ఎవరూ తిట్టేవాళ్ళు లేక ఏదోలా ఉంది.

నీ
బావ

---

అక్క వాళ్ళిల్లు,
కొండ మీది కాలనీ

మా టైలరు బావకు,

ఉత్తరం అందింది. నవ్వద్దన్నావు కాబట్టి గట్టిగా నవ్వాను, దగ్గొచ్చింది, అక్క నీళ్ళు పట్టుకొచ్చి నిన్ను తిట్టింది. పోయేకాలం కాకపోతే, చొక్కా మీద మరక పడితే గిలగిల్లాడే మనిషివి, నువ్వు బురదలోకి దిగడమేంటి?

నిజం చెప్పనా? నా కోసం చెరువు కడుగుతానన్న మొగుడు ఇంకెవరికైనా ఉన్నాడా అని అక్కని అడిగాను. "మా ఆయన అయితే కాఫీ గ్లాసు కూడా కడగడు" అంది.

ఇక్కడ గాలి పొడిగా, చల్లగా ఉంది. పొద్దున్నే వరండాలో కూచుంటాను. పక్కవీధిలోంచి కుట్టుమిషను చప్పుడు వినిపిస్తే ప్రాణం లేచొస్తుంది. వెనక్కి తిరిగి చూస్తాను, నువ్వుండవు. ఆ షాపువాడు నీలా తొక్కడు. నువ్వు మూల తిరిగేటప్పుడు ఒక్క క్షణం ఆపి, మళ్ళీ అందుకుంటావు. అతను ఆపకుండా లాగించేస్తాడు. వాడి కుట్లు ఎలా ఉంటాయో నాకు ఇక్కడినుంచే తెలుసు.

నీ నీలం చొక్కా కనబడటం లేదని వెతుక్కుంటున్నావేమో. నాకేం తెలీదు.

వేళకు తిను. షాపులో పడి తిండి మర్చిపోతే ఊరుకోను.

నీ
మరదలు

---

చెరువుగట్టు వీధి

మహారాణికి,

చొక్కా దొంగ దొరికింది. ఉంచుకో, నాకింకోటి కుట్టుకుంటాను.

పెద్ద కబురు. కాలనీ మురుగంతా చెరువులోకి వదిలే గొట్టాన్ని మున్సిపాలిటీ వాళ్ళు మళ్ళించారు. కొంగ మేష్టారు వాళ్ళ ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. ఆఖరికి ఆయన్ని చూస్తే చాలు, గుమాస్తాలు లేచి పారిపోయేవారట. గొట్టం మూసిన రోజు ఆయన గట్టు మీద కూచుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇంకో కబురు, నా ఘనకార్యం. నీళ్ళు వాటంతటవే తేటపడవట. తుంగ, జమ్ము లాంటివి పెరగాలి, వాటి వేళ్ళు నీళ్ళలోకి వేలాడుతూ మురికిని పీల్చుకోవాలి. కానీ అడుగున ఇంకా పాడు బురదే, మొక్క నిలవదు. "నీళ్ళ మీద తేలే మడులుంటే బాగుండును" అన్నాడు మేష్టారు. "ఎలా ఉండాలో గీసివ్వండి, కుట్టిస్తాను" అన్నాను. గోనెపట్టాలు రెండు పొరలుగా వేసి, మధ్యలో కొబ్బరిపీచు కూరి, పరుపులా అక్కడక్కడా దబ్బనంతో పొడిచి, అంచుల్లో మూతి బిగించిన ఖాళీ ప్లాస్టిక్కు సీసాలు పెట్టి కుట్టాను. మొదటిది నీళ్ళలో వేస్తే ఒక పక్కకు ఒరిగింది. "భుజం దిగింది మేష్టారూ, ఆల్టరేషన్ చేయాలి" అన్నాను. రెండోది నిలిచింది! దాని మీద తుంగ నాటితే వారానికల్లా పచ్చబడింది.

ఇప్పుడిక ఇల్లంతా మడులే. షాపు చాలక ముందు గదిలో, అదీ చాలక పడగ్గదిలో కుడుతున్నాను. నీ మంచం నిండా గోనెసంచులే. గోనె నూగు పొగమంచులా లేస్తోంది, అద్దం మీద వేలితో నీ పేరు రాయొచ్చు. రాశాను కూడా. నువ్వొచ్చేలోగా ఒక్కసారి దులిపేస్తే సరి.

చెరువుకు బట్టలు కుట్టిన టైలరు ఇంకెవడైనా ఉంటే చూపించు!

నీ
బావ

---

అక్క వాళ్ళిల్లు

బావా,

నీ మడుల కబురు చదివి అక్కకి వినిపించాను. అక్క మెచ్చుకుంది.

అవన్నీ ఇంట్లోనే కుట్టాలా? గట్టు మీద చెట్టు నీడన కుట్టుకోకూడదా? ముక్కుకి గుడ్డ కట్టుకుని కుట్టు. నీకేమైనా అయితే చూసే దిక్కు లేదు.

ఇక్కడి డాక్టరమ్మ మంచిది. మందులు మార్చింది. ఏవో పరీక్షలు చేయించింది. ఊపిరి బాగానే ఉంది. అక్క మాత్రం నన్ను సూది ముట్టుకోనివ్వడం లేదు. కాలక్షేపానికి వాళ్ళ కర్టెన్లకు అంచు మడిచి కుడదామంటే కూడా లాక్కుని దాచేసింది.

ఇంకేం రాయాలో తోచడం లేదు. జాగ్రత్త.

మరదలు

---

చెరువుగట్టు వీధి

మహారాణికి,

నీ కిందటి ఉత్తరం మరీ తంతి కొట్టినట్టుంది. అలిగావా? మంచం మీద గోనెసంచులు పెట్టాననా? తీసేస్తాను తల్లీ!

ఇది చదివాక అలక నిలవదు చూడు. ఇవాళ వంటింటి కిటికీ తెరిచాను. తెరిచి నిలబడ్డాను. ముక్కు మూసుకోలేదు. తడి మట్టి వాసన, తుంగ వాసన, అంతే. ఎన్నాళ్ళకో! నా పక్కన నువ్వు లేవన్న సంగతి అప్పుడే గట్టిగా తెలిసింది. ఇన్నాళ్ళూ పనిలో పడి అంత తెలియలేదు.

మడుల మీద జమ్ము నడుమెత్తు లేచింది. మొదట తూనీగలొచ్చాయి. మేష్టారు వదిలిన చిన్నచేపలు దోమపిల్లల్ని తినేసి బలిశాయి. వాటి కోసం లకుముకి పిట్ట వచ్చి గట్టు పక్కన తీగ మీద కూచుంటోంది. ఒకరోజు పొద్దున మేష్టారు నా చెయ్యి పట్టి లాక్కుపోయాడు. "అరవకండి, అటు చూడండి." పిడికెడు పిట్టలు రెండు, గోధుమరంగువి, బుడుంగున మునుగుతున్నాయి, ఇంకెక్కడో తేలుతున్నాయి. మునుగుడు కోళ్ళట. ఆయన చిన్నప్పుడు ఈ చెరువులో చూశాడట, మళ్ళీ ఇప్పుడే. ఆ జంట ఇప్పుడు నేను కుట్టిన మడుల చుట్టూనే తిరుగుతోంది. ఒకటి మునిగితే రెండోది కుయ్యోమంటుంది, అది తేలేదాకా ఊరుకోదు. చూడలేక ఇంటికొచ్చేశాను.

నువ్వన్న మాట నేను నిలబెట్టాను. ఇక నీ వంతు. ఎప్పుడు బయల్దేరుతున్నావు?

నీ
బావ

---

అక్క వాళ్ళిల్లు

బావకు,

కిటికీ తెరిచావని చదివి ఆ కాగితాన్నే పదిసార్లు చదువుకున్నాను. నాకూ అక్కడ నిలబడాలనే ఉంది. నమ్ము.

కానీ ఇప్పుడప్పుడే కాదు. అక్కకి మోకాలి నొప్పి, మెట్లు దిగలేకపోతోంది. చలి తగ్గాక చూద్దాం. తర్వాత వివరంగా రాస్తాను.

మరదలు

---

చెరువుగట్టు వీధి

మరదలికి,

వదిన మోకాలికి మందు లేదా? చలి తగ్గి ఎన్నాళ్ళయింది? ఇలా అడుగుదామనే కూచున్నాను, కానీ ఇవాళ నిన్ను నిలదీసే మొహం నాకు లేదు.

ఒక ఘోరం చేశాను. నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

నా గుణం నీకు తెలుసు కదా. వేలాడే దారం పోగు కనబడితే నా చెయ్యి ఊరుకోదు. పెళ్ళిలో నీ చీర అంచున పోగు వేలాడుతోందని పీటల మీదే కత్తిరించబోతే నువ్వు గిల్లావు. మొన్న తెప్ప వేసుకుని మడులు చూసుకుంటూ పోతున్నాను. ఒక మడి అంచున చిందరవందరగా నాచు, కుళ్ళిన తుంగ ముద్దలా పట్టుకుని వేలాడుతోంది. అంత చక్కటి కుట్టు పక్కన ఆ చెత్త ఏంటనిపించింది. కత్తెర తీసి, దాన్ని మడికి పట్టి ఉంచిన కాడలన్నీ కచకచా కత్తిరించి నీళ్ళలోకి తోసేశాను. అది తేలుకుంటూ నడి చెరువులోకి పోయింది. అంచు శుభ్రంగా ఉందని మురిసిపోయాను కూడా.

అది గూడట! మునుగుడు కోడి గూడు అలాగే ఉంటుందట. బయటకు పోయేటప్పుడు గుడ్ల మీద తడినాచు కప్పిపోతుందట, ఎవరి కంటా పడకుండా. మేష్టారు ఒడ్డునుంచి చూసి కేక వేసేసరికి గాలికి ఒరిగిపోయింది. గుడ్లు నీళ్ళపాలయ్యాయి. పుణ్యానికి పోతే పాపం ఎదురైందంటారే, అదీ నా బతుకు. మేష్టారు తెప్పని ఒడ్డుకి లాగి కట్టేసి ఇంటికి పోయాడు. తిట్టినా బాగుండేది.

ఆ రెండూ గూడున్న చోటికి వచ్చి, మునిగి, తేలి, మళ్ళీ మునిగి వెతుకుతూనే ఉన్నాయి. నేను గట్టు మీద కూచుని చూస్తూనే ఉన్నాను. నీ కోసమని మొదలుపెట్టిన పనిలో ఇంకొకళ్ళ ఇల్లు కూల్చాను. నువ్వు కూడా అందుకే రావడం లేదా? నా చేతిలో ఏదో ఉంది, నేను బాగుచేద్దామని ముట్టుకున్నదల్లా పాడవుతోంది. ఉన్నదున్నట్టు చెప్పు. వస్తావా, రావా?

బావ

---

అక్క వాళ్ళిల్లు

నా బావకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. గూడు సంగతికి ఏడ్చాను. నీ చివరి మాటలకు ఇంకా ఏడ్చాను. ఇక దాచలేను. నా మీద కోపం వస్తుంది, రానీ.

నాకు ఊపిరాడకుండా చేసింది చెరువు కాదు.

ఇక్కడికొచ్చిన కొన్నాళ్ళకు దగ్గు తగ్గుముఖం పట్టింది. ఒకరోజు అక్క కర్టెన్ల గుడ్డ కత్తిరించి కుట్టడానికి కూచున్నాను. గంట కూడా కాలేదు, ఊపిరి బిగుసుకుపోయింది. చుట్టుపక్కల చెరువు కాదు కదా, గుంట కూడా లేదు. డాక్టరమ్మ అన్నీ అడిగింది. ఏం పని చేస్తావంది. మావారి షాపులో కాజాలు కుడతాను, గుండీలు వేస్తాను, షాపూ ఇల్లూ ఒకటే అన్నాను. పరీక్షలు చేయించి చెప్పింది, "అమ్మా, గుడ్డల నూగు నీకు పడదు. ఆ ఇంట్లో ఉంటే మందులు పనిచేయవు."

నీ నీలం చొక్కా తలకింద పెట్టుకుని పడుకునేదాన్ని. అది పెట్టుకున్న రాత్రల్లా దగ్గే. అక్క కనిపెట్టి లాక్కుంది. ఇవ్వమని చిన్నపిల్లలా కొట్లాడాను. నీ ఉత్తరం వస్తే కూడా అక్క వరండాలో దులిపి మరీ ఇస్తుంది.

ఎలా చెప్పను బావా? నువ్వు అప్పటికే బురదలోకి దిగావు. "నీ కోసం" అని రాస్తున్నావు. ఆ గోనెసంచులు పడగ్గదిలోకి తెచ్చానని నువ్వు సంబరంగా రాస్తే, నా ఇల్లు నాకు ఇంకా దూరమైపోయిందని ఇక్కడ నేను కుమిలిపోయాను. చెబితే షాపు మూసేస్తావు. మిషను లేకపోతే నువ్వు నువ్వు కాదు. నా కోసం చచ్చినట్టు ఏ గుమాస్తా పనో చేసుకుంటూ మూగగా ఇంటికొచ్చే మొగుణ్ణి నేను భరించలేను. చెప్పకపోతే నువ్వు ఎదురుచూస్తావు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నీ చేతిలో ఏ పాపమూ లేదు. ఆ మాట ఇంకోసారి రాశావంటే ఊరుకోను.

నీ
మరదలు

---

చెరువుగట్టు వీధి

చదివాను.

అన్నాళ్ళనుంచీ తెలుసన్నమాట. నేను నడుంలోతు కంపులో నిలబడి "ఇదిగో, ఇంకొంచెం, వచ్చేస్తావు" అని రాస్తుంటే, నువ్వక్కడ చదువుకుని ఊరుకున్నావు. ఎంత వెర్రివెధవలా కనిపించానో నీకు!

అంతకంటే ఇంకోటి కాలుస్తోంది. కంచే చేను మేసింది. రోజూ నా పక్కన కూచుని కాజాలు కుడుతూ నువ్వు దగ్గుతుంటే, కిటికీ మూసి చెరువుని తిట్టాను. కిటికీ మూసి నూగంతా లోపలే ఉంచాను. ఊపిరి తీసింది నేను, నింద పడింది నీళ్ళ మీద.

మిషను మీద గుడ్డ కప్పాను. ఇంకేం రాయను.

---

అక్క వాళ్ళిల్లు

బావా,

వారాలు గడిచాయి. పోస్టుమ్యాన్ ఇక్కడి గేటు దాటి వెళ్ళిపోతుంటే అక్క నా మొహం చూడకుండా లోపలికి పోతోంది.

తిట్టు. పేజీ నిండా తిట్టు. కానీ రాయి. కోపంలో కూడా నీ అక్షరాలు నీవే కదా, వాటినైనా చూసుకుంటాను. మిషను మీద గుడ్డ తియ్యి. నువ్వు పనిచేసుకుంటున్నావని తెలిస్తేనే నాకిక్కడ ముద్ద దిగుతుంది. నేను రాలేకపోయినా సరే, ఆ చప్పుడు ఆగకూడదు.

మరదలు

---

చెరువుగట్టు,
పంపుగది

నా మరదలికి,

పై చిరునామా చూశావా? చెబుతాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి ఇంట ఓడిపోయాను. ఆ అక్కసుతో చాలా రోజులు తలుపు వేసుకుని కూచున్నాను. ఆఖరికి మేష్టారు వచ్చి తలుపు బాదాడు. నీ సంగతంతా చెప్పేశాను. ఆయన విని, "గట్టు మీది పంపుగది ఖాళీగానే ఉందిగా, మున్సిపాలిటీని నేనడుగుతాను" అన్నాడు. వాళ్ళు కూడా ఈయన మళ్ళీ ఆఫీసుకి రాకుండా ఉంటే చాలనుకుని వెంటనే తాళాలిచ్చేశారు.

ఈ గదిలో ఒకప్పుడు ముక్కు మూసుకున్నా నిమిషం నిలబడలేకపోయేవాళ్ళం. ఇప్పుడు తలుపు బార్లా తీసుకుని మిషను తొక్కుతున్నాను. నేను వెర్రివాడిలా కడిగింది ఊరికే పోలేదు. చెరువు బాగుపడకపోయుంటే నాకు ఇంట్లో తప్ప కూచునే చోటే ఉండేది కాదు.

ఇల్లు ఖాళీ చేశాను. గుడ్డ పీలిక లేదు. పరుపు, తెరలు, గోనె అన్నీ బయటకు. బేకరీ ఆవిడ, వాళ్ళాయన, నేను కలిసి గోడలు కడిగి సున్నం వేశాం. గచ్చు మీద తడిగుడ్డతో ఎన్నిసార్లు తుడిచానో నాకే తెలీదు. కిటికీలన్నీ పగలంతా తెరిచే ఉంటున్నాయి.

మునుగుడు కోళ్ళు ఇంకో మడి అంచున మళ్ళీ నాచు పోగేస్తున్నాయి. నేను తెప్ప ఎక్కేటప్పుడు కత్తెర ఒడ్డునే పెట్టి వెళుతున్నాను.

ఒక్క చిక్కు మిగిలింది. నేను. నూగు నా జుట్టులో ఉంటుంది, ఒంటి మీద ఉంటుంది. అందుకని నేను పంపుగదిలోనే మకాం పెట్టాను, ఇక్కడే పడుకుంటున్నాను. నువ్వొచ్చి మన ఇంట్లో ఉండు. వంటింటి కిటికీలోంచి చూస్తే ఈ గది గుమ్మం తిన్నగా కనిపిస్తుంది. పొద్దున్న నేను చెయ్యూపుతాను. నువ్వు బాగుంటే నాకంతే చాలు. ఇంతకంటే ఏమీ అడగను.

డాక్టరమ్మని అడిగి రాయి.

నీ
బావ

---

అక్క వాళ్ళిల్లు

ఓ పంపుగది మహారాజా,

నీకేమైనా మతి ఉందా? కిటికీలోంచి మొగుణ్ణి చూసుకోవడానికైతే అంత దూరం నేను రావడమెందుకు, ఒక ఫోటో పంపితే పోదూ! చెయ్యూపుతాడట, చెయ్యి! ఇన్నాళ్ళూ నీ చొక్కా వాసన కోసం దగ్గు కొనితెచ్చుకున్నదానితో అనే మాటేనా ఇది?

డాక్టరమ్మ దగ్గరికి నీ ఉత్తరం పట్టుకునే వెళ్ళాను. ఆవిడ చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. తర్వాత చెప్పింది, శ్రద్ధగా విను. పని బట్టలు పంపుగదిలోనే విప్పెయ్యాలి. తలస్నానం చేయాలి. ఉతికిన బట్టలు కట్టుకుని మెట్లెక్కాలి. మందు నేను వేళకు పీల్చాలి. కాజాలు, గుండీలు నాకిక లేవు, వాటికి ఇంకెవరినైనా చూసుకో. "ఇవన్నీ చేసినా పడొచ్చు, పడకపోవచ్చు, వెళ్ళి ఉండి చూడాలి" అంది. భరోసా అయితే ఇవ్వలేదు.

నాకు భయంగానే ఉంది బావా. వచ్చి, నాలుగు రోజులుండి, మళ్ళీ ఊపిరాడక వెనక్కి రావలసివస్తే? ఆ రెండోసారి వెళ్ళిపోవడం నీ మొహంలో చూడగలనా? ఈ మాటే రాత్రీ పగలూ నమిలాను. అక్క అంది, "రాకుండా ఉండిపోయినా ఇదే ఏడుపు కదే. అక్కడికెళ్ళి ఏడు." నిజమే కదా. నిన్ను చూడకుండా బతికే బాగు నాకు వద్దు.

శనివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. వీధి మొదట్లో దిగుతాను. పెట్టె తేవడానికి మేష్టారిని పంపు, నువ్వు రావద్దు. తలంటుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, తలుపు తీసి పైన నిలబడు. మెట్ల మధ్యలో నాకు ఊపిరి అందకపోతే ఆగుతాను, అందాక ఎక్కుతాను. కంగారుపడి కిందికి దిగొచ్చావంటే మాత్రం మాట్లాడను. నీ దాకా నేనే ఎక్కి రావాలి.

నీ
మరదలు